సమాధానపురం పేరు అడగడానికి ఆలస్యంగా వెళ్ళాను

తప్పు దిద్దుకోవాలని నేను ఈ ప్రయాణం పెట్టుకోలేదు. నా మాటే నిజమని చూపించుకోవడానికి బయలుదేరాను. ఈ సంగతి ముందే ఒప్పుకోకపోతే మిగతాది రాయడం దండగ.

మాది గుంటూరు. ఎవరైనా ఉచితంగా వాడుకోగల, ఎవరైనా దిద్దగల ఇంటర్నెట్ పటం ఒకటుంది. దానికి కొన్నేళ్ళుగా తీరిక దొరికినప్పుడల్లా పనిచేస్తున్నాను. ఉపగ్రహ చిత్రాలు చూసి రోడ్లు, చెరువులు గీస్తాం, ఊళ్ళకు పేర్లు ఎక్కిస్తాం. జీతం ఉండదు, ఇష్టమున్నవాళ్ళే చేస్తారు. మా తెలుగువాళ్ళకు ఒక చాట్ గ్రూపు ఉంది, నెలకోసారి ఆన్‌లైన్ సమావేశం ఉంటుంది. అందులో పాతవాణ్ణి కాబట్టి వాదన వస్తే ఆఖరి మాట నాదే అయ్యేది.

అర్ధవీడు మండలం వైపు ఎస్తేరు అనే అమ్మాయి పనిచేసేది. కంభంలో ఒక ల్యాబులో ఉద్యోగం. సెలవు రోజుల్లో కాలినడకన తిరిగి చేతిపంపులు, డొంకదారులు, గొర్రెల దొడ్లు పటంలోకి ఎక్కించేది. ఒకరోజు తన ఊరి పేరు మార్చింది. అంతకుముందు ఉన్నది ఏదో పాత జాబితాలోంచి నేను ఎక్కించిన పేరు. ముందు ఒక కులం పేరు, వెనక పల్లె. దాన్ని ఇక్కడ మళ్ళీ రాయను. అది తీసేసి ఆమె 'సమాధానపురం' అని రాసింది. నేను పాత పేరే తిరిగి పెట్టాను. ఆమె మళ్ళీ మార్చింది, నేను మళ్ళీ తిప్పాను. "ఆ పేరు మాకు వద్దు, మేము అట్ల పిలుచుకోము" అని గ్రూపులో రాసింది. ఆధారంగా ఊరి బోర్డు ఫోటో పెట్టమన్నాను. చర్చి గోడలో ఆ పేరు చెక్కిన శిలాఫలకం ఫోటో పెట్టింది. అది చర్చి పేరే తప్ప ఊరి పేరు కాదన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. ఆ నెల సమావేశంలో "సమాధానపురమా? మరి ప్రశ్నపురం ఎక్కడుందండీ?" అని నవ్వాను. ఇద్దరు ముగ్గురు నాతో కలిసి నవ్వారు. మర్నాడు ఎస్తేరు గ్రూపులోంచి వెళ్ళిపోయింది.

ఏడాది తర్వాత గ్రూపులో కొత్తగా చేరిన ఒకాయన ఆ పేరు చూసి, ఇలాంటిది పటంలో ఎలా ఉంచారని అడిగాడు. నాకు రోషం వచ్చింది. నేనే వెళ్ళి బోర్డు ఫోటో తెస్తాను, దాంతో తేలిపోతుంది అన్నాను.

అలా ఒక ఆదివారం తెల్లవారే గుంటూరులో రైలెక్కాను. జనరల్ టికెట్ వంద రూపాయల లోపే. నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం రోడ్డు దాటి కంభంలో దిగేసరికి పదిన్నర అయింది. స్టేషను బయట రెండు ఇడ్లీ, టీ ముప్పై అయిదు రూపాయలు. అర్ధవీడు బస్సు ఇప్పుడే పోయిందన్నారు. షేరు ఆటో నిండడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నా పక్కన గుడ్డసంచీ ఒళ్ళో పెట్టుకుని ఒక పెద్దామె కూర్చుంది.

"యాడ దిగాలన్నా?" అని డ్రైవరు అడిగాడు.

ఫోను తీసి పటంలో ఉన్న పేరు చదివాను. ఇంజను చప్పుడుకు వినపడదేమోనని రెండోసారి గట్టిగా చదివాను.

డ్రైవరు అద్దంలో నాకేసి చూసి, "అట్ల అనగూడదన్నా. సమాధానపురం అను" అన్నాడు. పక్కనున్న పెద్దామె ముఖం అటు తిప్పుకుంది.

రోడ్డు మలుపులో దిగినవాళ్ళం ఇద్దరమే, నేను, ఆ పెద్దామె. డ్రైవరు నలభై రూపాయలు తీసుకుని, "సాయంత్రం నాలుగు దాటితే ఇటు ఆటోలు రావన్నా" అని చెప్పి పోయాడు. అక్కడి నుంచి కిలోమీటరు మట్టిదారి. అటూ ఇటూ కంది చేలు, దూరంగా నల్లమల. ముందు నడుస్తున్న ఆమె కాస్త దూరం పోయాక ఆగి, "ఎవురింటికి నాయనా?" అంది.

"ఎస్తేరు గారని..."

"మా పాపే. ప్రార్థనలో ఉంటది. రా, ఎండగా ఉండాది."

ఆటోలో అలా అన్నందుకు ఏమీ అనుకోవద్దన్నాను. ఆమె నడుస్తూనే చెప్పింది. "మా మామోళ్ళు పెట్టుకున్న పేరు నాయనా అది. మా బైబిల్లో సమాధానమంటే శాంతి. అంతకుముందు కూలికి పోతే మనిషి పేరుతో పిలిచేవాళ్ళు కాదంట. నువ్వన్న ఆ పల్లె పేరు పెట్టే పిలిచేవాళ్ళంట, ముసలోళ్ళనైనా, పిలకాయల్నైనా."

నేను వేసిన పరాచికం గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను.

ఊరి మొదట్లో సిమెంటు బోర్డు ఉంది. నేను ఫోటో తీయాలని వచ్చింది దాన్నే. పైన మండలం పేరు, కింద జిల్లా పేరు ఉన్నాయి. నడుమ ఉండాల్సిన అక్షరాలను ఉలితో చెక్కేశారు. "మూడు తూర్లు రాసినారు, మూడు తూర్లు గీకినాము" అంది ఆమె. నేను ఫోను జేబులోంచి తీయలేదు.

చర్చి ఇంకా వదల్లేదు. వేపచెట్టు కింద నిలబడ్డాను. పన్నెండున్నరకు జనం బయటికి వచ్చారు. ఎస్తేరును నేను స్క్రీను మీద తప్ప చూడలేదు. ఆమే నన్ను పోల్చుకుని దగ్గరికి వచ్చింది.

"గుంటూరు అన్న గదా మీరు. బోర్డు ఫోటో కోసం వచ్చినారా?"

అవునన్నాను. అబద్ధం చెప్పే ధైర్యం కూడా లేకపోయింది. ఆటోలో జరిగింది కూడా చెప్పాను. వాళ్ళమ్మ అడ్డొచ్చి, "పోనీలే పాపా, తెలవక అన్నాడు" అంది.

"తెలవక గాదమ్మా. నేను చెప్పినా. రెండు తూర్లు చెప్పినా, ఫోటో గూడా పెట్టినా."

ఆమె గొంతు పెంచలేదు. తర్వాత ఇంకో సంగతి చెప్పింది. ఒకరోజు ల్యాబులో తోటి ఉద్యోగికి తన లొకేషన్ పంపిందట. అతని ఫోనులో ఊరి పేరు అలా వచ్చింది. అందరి ముందూ చదివి, "ఓహో, నువ్వు ఆ పల్లెదానివా?" అన్నాడట. ఆ తర్వాత అతను ఆమె సీసా నీళ్ళు తాగలేదు. పటంలో పేరు మార్చింది ఆ వారమే. ఈ విషయం గ్రూపులో ఎందుకు చెప్పలేదని అడగబోయి ఆగాను. పదిమంది ముందు అది కూడా ఆధారంగా చూపించాలా?

క్షమించమన్నాను. ఇప్పుడే మార్చేస్తానని ఫోను తీశాను.

"మీరు మార్చొద్దన్నా. మారిస్తే మార్పుల చరిత్రలో మీ పేరు పడతది. మా ఊరికి పేరు మీరిచ్చినట్ల ఉంటది. నేనే మారుస్తా."

చర్చి మెట్టు మీద సిగ్నలు వస్తుంది. అక్కడ కూర్చుని మార్చింది. కారణం రాయాల్సిన చోట 'ఊరివాళ్ళు పిలుచుకునే పేరు' అని రాసింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను, చేయడానికి నాకు పనేమీ లేదు. మళ్ళీ గ్రూపులోకి రమ్మని అడిగాను. "మ్యాపు చేస్తా. మీటింగుకు రాను" అంది. ఎందుకని అడగలేదు.

వాళ్ళమ్మ అన్నం తినకుండా పోనివ్వలేదు. కోడికూర, సజ్జ రొట్టె, ఉల్లిపాయ. "సిగ్గుపడబాక నాయనా, ఇంకో ముక్క ఏసుకో" అంటూ వడ్డించింది. ఆమె అన్నది తిండి దగ్గరి సిగ్గు గురించే.

కంభం చెరువు చూసి దాని గురించి రాస్తానని స్నేహితులకు చెప్పి వచ్చాను. చూడబుద్ధి కాలేదు. స్టేషను బెంచీ మీద కూర్చుని జరిగినదంతా గ్రూపులో రాశాను. ఎవరో "పర్లేదు సార్, అందరం నేర్చుకుంటున్నాం" అన్నారు. పర్లేదని అనాల్సింది వాళ్ళు కాదు. నాతో కలిసి నవ్విన ఇద్దరు ముగ్గురూ ఏమీ రాయలేదు. ఇన్నేళ్ళలో ఎన్ని ఊళ్ళకు, ఎవరినీ అడగకుండా, గుంటూరులో ఫ్యాను కింద కూర్చుని పేర్లు ఎక్కించానో నాకే లెక్క లేదు. నియమాలు నేను బాగా చదువుకున్నాను. క్షేత్రంలో ఉన్నదే నిజం అన్నది వాటిలో మొదటిది. ఆ క్షేత్రంలో పుట్టి పెరిగిన మనిషే వచ్చి చెబితే, వినకుండా బోర్డు అడిగాను. ఇప్పుడు నేను ఎక్కించిన పేర్లన్నీ ఒక్కొక్కటే తీసి చూస్తున్నాను. అనుమానం వచ్చినచోటికి వెళ్ళి అడుగుతున్నాను. ఆ సిగ్గు మాత్రం తగ్గలేదు. తగ్గకూడదనే అనుకుంటున్నాను.

ఇలాంటి పనిమీద వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన. ఆదివారం వెళ్ళండి, కూలిపనులు లేక జనం ఇళ్ళ దగ్గరే ఉంటారు. వెళ్ళాక "ఇది ఫలానా ఊరేనా?" అనకండి. "మీ ఊరిని మీరు ఏమని పిలుచుకుంటారు?" అని అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.