మడుగులో మబ్బు

పోయిన మంగళవారం పొద్దున రేణిగుంట గోడౌన్‌లో పనిలో ఉండగా అత్త ఫోన్ చేసింది. "మీ మామ ఇంక లేడు నాయనా" అని మాత్రం అంది. మా మేనమామ గుండె జబ్బుతో మంచాన పడి నెల దాటింది. తెలిసిన సంగతే. అయినా పని అక్కడే వదిలేసి బయల్దేరాను. ఆయన బతికుండగా ఊరికి నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. రేపు మాపు అంటూ ఆరేళ్ళు నెట్టుకొచ్చాను.

పులికాట్ రొయ్యలను పెట్టెల్లో సర్ది విమానానికి పంపే చోట మామ పనిచేసేవాడు. ఆ పెట్టెల్లో వేసే డ్రై ఐస్‌తోనే ముహూర్తాల రోజుల్లో తిరుపతి కల్యాణ మండపాల్లో మబ్బు పుట్టించేవాడు. డ్రమ్ములో కాగిన నీళ్ళు పోసి, చేతులకు తోలు తొడుగులు వేసుకుని, ఐసు ముక్కల బుట్టను మెల్లగా దించేవాడు. పెళ్ళికూతురి కాళ్ళ చుట్టూ మబ్బు కమ్ముకునేది. పొగ అంటే మాత్రం ఊరుకునేవాడు కాదు.

"పొగైతే పైకి పోతాది. ఇది నేలమింద పండుకుంటాది, సూడు. తెల్లంగా కనపడేది ఉత్త తేమ, సలికి అట్లయితాది. ఐసులోంచి వచ్చే గాలి కంటికి కనపడదు. ఊపిరి తీసేది అది."

ఏసీ చల్లదనం పోతుందని పెళ్ళివాళ్ళు మూసిన తలుపులన్నీ వెళ్ళి తెరిచేవాడు. చంటిపిల్లలను వేదిక ముందు కింద కూర్చోనిచ్చేవాడు కాదు. ఐసు తెచ్చేటప్పుడు జోరున వాన పడుతున్నా వ్యాను అద్దాలు దించాల్సిందే. తడిసిపోతున్నానని నేను గొణిగితే "తడిస్తే ఆరుతావులే" అనేవాడు.

సత్యవేడు దగ్గర మా ఊళ్ళో ద్రౌపదమ్మ తిరునాళ్ళకు పద్దెనిమిది రోజులు భారతం ఆడతారు. చివరి రోజు పగటిపూట దుర్యోధన వధ. ఆ వేషం నాది. గొంతు బాగుంటుందని అప్పట్లో నాకు ఒళ్ళు తెలియని పొగరు. దుర్యోధనుడు మడుగులో దాక్కునే ఘట్టానికి ఏటా చీర అడ్డం పట్టేవాళ్ళు. ఆ ఏడు నిజంగానే గుంట తవ్వి, దాని నిండా మబ్బు నింపాలని పట్టుబట్టాను.

"గుంట వద్దురా అల్లుడా. ఈ గాలి బరువు. దిగితే ఆడనే కూసుంటాది, యాడికీ పోదు" అన్నాడు మామ.

"నువ్వు ఏయకుంటే ఇంకొకర్ని పిలిపిస్తాలే మామా" అన్నాను. తెలియనివాడి చేతిలో నన్ను పెట్టలేక ఆయనే ఒప్పుకున్నాడు. "భీముడు పద్యం ముగించినప్పుడంతా లోపల్నుంచి హూంకరించు. నీ గొంతు ఇనపడకుంటే నేనొచ్చేస్తా" అన్నాడు. మడుగులో దిగిన దుర్యోధనుణ్ణి భీముడు పిలిచేదాకా ఎవరూ తాకకూడదని మా ఊరి కట్టుబాటు. అది ఆయనకూ తెలుసు.

ఛాతీ లోతు గుంటలో గద పట్టుకుని కూర్చున్నాను. జనం ఈలలు వేసేకొద్దీ భీముడు రాగం సాగదీశాడు. మొదటి పద్యానికి హూంకరించాను. రెండోదానికి తల పగిలిపోతున్నట్టుంది. ఎంత పీల్చినా ఊపిరి చాలడం లేదు. లేద్దామంటే కాళ్ళు మాట వినలేదు. కిరీటం, భుజకీర్తులు, బిగించి కట్టిన నడికట్టు అన్నీ కలిసి నన్ను కిందికి నొక్కేశాయి. చుట్టూ తెలుపు తప్ప ఏమీ లేదు. పైన మా ఊరంతా ఉంది, ఒక్కరికీ నేను కనిపించను. గోళ్ళతో మట్టిగోడ గీరాను. పైనుంచి చప్పట్లు వినిపించాయి. ఇక్కడే పోతాననుకున్నాను.

మూడో పద్యం ముగిసింది. నా గొంతు రాలేదని గమనించింది మామ ఒక్కడే. జనాన్ని తోసుకుని వచ్చి, ఊపిరి బిగబట్టి, గుంట అంచున బోర్లా పడుకుని, భుజకీర్తుల తాళ్ళు పట్టి నన్ను పైకి ఈడ్చాడు.

నేను బతికాను, ఆట చెడింది. ఊరికి అరిష్టమని పెద్దలు మామను నిలదీశారు. "నేనే ఐసు ఎక్కువ ఏసినాను. తప్పు నాదే" అన్నాడు. గుంట అడిగింది నేనని ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మరుసటేడు కూడా వేషం నాకే కావాలి మరి. ఆ తర్వాత ఆయనను భారతం పందిట్లోకి రానివ్వలేదు. ఏటా రోడ్డు మీద నిలబడి చూసేవాడు. చీర చాటున కూర్చున్న ప్రతిసారీ నేనింకా ఆ గుంటలోనే ఉన్నట్టుండేది. చెప్పేస్తానంటే "ఇడిసిపెట్టు అల్లుడా. గెట్టిగా పాడు, రోడ్డుకాడికి ఇనపడాల" అనేవాడు. ఆ మాట చాటున నేను హాయిగా దాక్కున్నాను.

మంగళవారం సాయంత్రం ఆయన వాకిట్లోనే పెద్దలందరికీ చెప్పేశాను. ఊరి పెద్దాయన నా వంక తిరిగాడు.

"ఆయప్ప ఉన్నప్పుడు సెప్పుంటే మరుసటేడే పిలుసుకుని ఉంటిమి గదప్పా" అన్నాడు.

అంతకంటే తిట్టినా బాగుండేది.

మామను అద్దాల ఐస్ పెట్టెలో పడుకోబెట్టారు. గాలిలోని తేమ చల్లటి అద్దం మీద చేరి తెల్లగా మసకేస్తోంది. అత్త కొంగుతో తుడిచింది. ముఖం కనిపించింది. కాసేపటికి మళ్ళీ మసక కమ్మింది. ఆమె చెయ్యి అలిసిపోయాక, నేను తువ్వాలు పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఎత్తుకెళ్ళేదాకా తుడుస్తూనే ఉన్నాను.