మూడో ఆదివారం లేచి నిలబడ్డాను

ముప్పై ఏళ్ళకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నిండు చర్చిలో నిలబడి ఆడిన అబద్ధం. మా ఆయనకు చెప్పలేదు. చర్చి అయ్యగారికీ చెప్పలేదు. మా ఊరు ఎరగని నీకు చెబుతున్నాను. నన్ను ఓదార్చకు, విని రాసుకో చాలు.

మాది మొయినాబాద్ దగ్గర సురంగల్. మా ఊళ్ళో ఒకాయనను అందరం జహాజన్న, అంటే ఓడన్న, అనేవాళ్ళం. పెద్ద యుద్ధానికి ముందే బొంబాయి వెళ్ళి నావికాదళంలో చేరాడు. సెలవుకు వచ్చాడంటే ఊరంతా ఆయన అరుగు మీదే. మోట తాడు తెగితే ఓడలో వేసే ముడి వేసి చూపి నేర్పేవాడు. ఎద్దులు ఎంత గుంజినా అది ఊడేది కాదు. ఇంట్లో ఉన్నన్నాళ్ళు కూతురు రూతుకు తనే జడ వేసేవాడు. ఆడవాళ్ళం చూసి నవ్వుకునేవాళ్ళం, లోలోపల కుళ్ళుకునేవాళ్ళం కూడా.

నా తమ్ముడు ఆ అరుగు వదిలేవాడు కాదు. గండిపేట చెరువు తప్ప పెద్ద నీళ్ళు చూడనివాడు, ఇరవై ఏళ్ళకే ఆయన వెంట బొంబాయి వెళ్ళి ఓడెక్కాడు. మా అవ్వకు వాడొక్కడే కొడుకు. ఏడాదిన్నరకు ఓడ మునిగిందని కాగితం వచ్చింది. జహాజన్న అప్పటికి వేరే ఓడలో ఉన్నాడు.

యుద్ధం అయిపోయాక ఆయన ఇంటికొచ్చాడు. మా అవ్వ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు, అది నిజమే. కానీ నెల తిరిగేసరికి అరుగు మీద మళ్ళీ నవ్వులు. మా గోడ పక్కనే ఆ అరుగు. ఆ నవ్వు వినబడితే అవ్వ నోట్లో ముద్ద మింగలేక అలాగే కూర్చునేది. ఆయన నా తమ్ముణ్ణి బలవంతంగా తీసుకెళ్ళాడా? లేదు. అది నాకు తెలియదా? తెలుసు. తెలిసినా నా పగ తగ్గలేదు. మా ఇల్లు ఎలా మూగబోయిందో ఆ ఇల్లూ అలాగే మూగబోవాలని, అది నా కళ్ళతో నేను చూడాలని రోజూ కోరుకున్నాను.

రూతుకు ముడిమ్యాల సంబంధం కుదిరింది. మా చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లూ చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పాలి. ఎవరూ చెప్పరు. మూడో ఆదివారం పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కూడా వచ్చి ముందు చాపల మీద కూర్చున్నారు. అయ్యగారు చదవడం అయిపోయి కాగితం మడుస్తుండగా నేను లేచాను.

"ఈ జహాజన్నకు బొంబాయిల ఇంకో సంసారం ఉన్నది. మా తమ్ముడు కండ్లార చూసి ఉత్తరం రాసిండు" అన్నాను.

వాడు అలాంటిదేమీ రాయలేదు. చనిపోయినవాణ్ణి సాక్షిగా పెట్టుకున్నాను, వాణ్ణి ఎవరూ తిరిగి అడగలేరు కాబట్టి.

జహాజన్న అరుస్తాడనుకున్నాను. "లేదు" అన్నాడు మెల్లగా, అంతే. చచ్చిపోయిన పిల్లవాణ్ణి అబద్ధాలకోరు అనడానికి ఆయనకు నోరు రాలేదు. అది పెళ్ళికి అడ్డు కాదని అయ్యగారు ఎంత చెప్పినా ముడిమ్యాలవాళ్ళు ఆగలేదు. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. నాకు కడుపు చల్లబడింది. ఇది కూడా దాచను.

తర్వాత ఆయన పెళ్ళాం కంచం పెట్టి ముఖం తిప్పుకునేదని విన్నాను. ఊళ్ళోవాళ్ళు ఆయన నేర్పిన ముడే వేసుకుంటూ ఆయన అరుగు ఎక్కడం మానేశారు. రూతు పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. దూరంగా ఏదో దవాఖానలో పనికి వెళ్ళిపోయింది.

ఒకరోజు పొద్దున నేను పెసలు చెరుగుతుంటే ఆయన వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"చెల్లె, ఊరోళ్ళు ఏమన్న అనుకోనీ. వాడు నిజంగ గట్ల రాసిండా?"

"రాసిండు."

"ఎవరో చెప్పింది నమ్మి ఉంటడు. నేను వాన్ని సొంత తమ్ముని లెక్క చూసుకున్న. నా మీద మనసు విరిగే పోయిండంటవా?"

పోయిన పరువు గురించి అడగడానికి రాలేదాయన. ఒక్క మాట చాలు. ఆ మాట నా దగ్గర ఉంది. వాడి చివరి ఉత్తరంలో "అన్న ఉన్నడు, నాకు ఫికర్ లేదని అవ్వకు చెప్పు" అని ఉంది.

"అవునన్న" అన్నాను.

ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆరేడేళ్ళు బతికాడు. అన్నేళ్ళూ ఆ మాట నమ్మే బతికాడు. ఆయన సమాధిలో నేనూ పిడికెడు మట్టి వేసి వచ్చాను.

ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మళ్ళీ ఆ ఆదివారం వస్తే కూర్చునే ఉంటానా? ఒట్టు వేయలేను. క్షమించమని అడిగే ముఖం కూడా నాకు లేదు. అయినా ఈ ఒక్క మాట ఆయనకు నా చేత్తో రాయాలి, నువ్వు చూస్తుండగా రాయాలి.

వాడు నీ మీద మనసు విరిగి పోలేదన్నా.