ఎండలో పెట్టిన సూదిమందు

“సూదిమందు డబ్బా సందుకలనే ఉన్నదా?”

“ఉన్నది. ఎన్నిమాట్ల అడుగుతవ్? జెర పండుకోరాదు.”

మా ఆయనకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. డబ్బా సందుకలో, ఆ చెక్కపెట్టెలో, లేదు. పెరటి గోడ మీద, మిరపకాయల చాట పక్కన, ఎండలో ఉంది. నాకు సంతకం తప్ప రాయడం రాదు. మా చెల్లెలి మనవరాలు రాస్తోంది. ఉన్నదున్నట్టు రాయి బిడ్డా, నా మీద జాలిపడి ఏదీ తీసెయ్యకు.

అప్పుడు మేం సికింద్రాబాదులో రైలు పట్టాల పక్క వరస ఇళ్లలో ఉండేవాళ్లం. ఆయన ఫిట్టరు. నాడి ఉన్నట్టుండి మందగించి, నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయే జబ్బు ఆయనది. పడిపోతే గుండెను మళ్లీ తట్టిలేపడానికి డాక్టరు అడ్రినలిన్ అని రెండు సన్నటి గాజు బుడ్లు ఇచ్చాడు. నల్ల కాగితంలో చుట్టి, చీకట్లో పెట్టమన్నాడు. సూది వెయ్యడానికి పక్కింటి కాంపౌండర్ భాయ్ ఉన్నాడు. అంతకుముందు ఒకసారి అట్లాగే వేసి బతికించాడు కూడా.

ఆ వానాకాలం ఇంట్లో అన్నిటికీ బూజు పట్టింది. పప్పులు, ఒడియాలు, పచ్చడి జాడీలు, ఎండ కాసినప్పుడల్లా అన్నీ బయట పెట్టేదాన్ని. ఎండ తగిలితే ఏదైనా చెడకుండా ఉంటుందని మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. తడిసిన నల్ల కాగితం విప్పేసి, ఆ బుడ్లనూ వాటితోపాటు ఎండబెట్టాను. ఒక రోజు కాదు, ఎండ కాసిన ప్రతిరోజూ. మంచి చేస్తున్నాననే అనుకున్నాను.

నవాబు రాజ్యం పడిపోయి, ఇండియా మిలట్రీ ఊళ్లోకి దిగిన రోజు అది. వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయి. మధ్యాహ్నం ఆయన మంచం మీది నుంచి లేవబోయి పడిపోయారు. నేను పోయి భాయ్ తలుపు బాదాను. లోపల భాయ్ భార్య “నక్కో జీ!” అంటూ, పోవద్దని ఏడుస్తోంది. ఆ రోజు బయట అడుగు పెట్టడం ముసల్మానైన భాయ్‌కి ఎంత గండమో నాకు తెలుసు. అయినా సూది పెట్టె పట్టుకుని వచ్చాడు.

గోడ మీది డబ్బా తెచ్చి చేతిలో పెట్టాను. బుడ్డిని వెలుతురుకు ఎత్తి చూశాడు. నీళ్లలా ఉండాల్సిన మందు చాయ్ రంగులో ఉంది. రెండోదీ అంతే.

“అమ్మా, ఇవి ఎండల పెట్టిన్రా?”

“లేదు భాయ్, సందుకలనే ఉండె.”

“ఇది మందు కాదిప్పుడు. నా చేతితోని ఇయ్యలేను.”

“ఏదైతే అదైతది, ఇయ్యి!”

ఇవ్వలేదు. మా ఆయన చెయ్యి పట్టుకుని, నాడి పూర్తిగా ఆగేదాకా నేల మీదే కూర్చున్నాడు.

కర్ఫ్యూ సడలించాక మా మరిది వచ్చాడు. శవం ముందు నిలబడి అరిచాడు: “కావాలనే ఇయ్యలే. మా దినాలొచ్చినయని కసి తీర్చుకున్నడు!”

వాకిట్లో చేరినవాళ్లు తలలూపారు. కాంపౌండర్ భాయ్ తన గడపలోంచి నా వైపు చూశాడు. ఒక్క మాట నేను అంటే సరిపోయేది. కొంగు ముఖం మీదికి లాక్కున్నాను. భాయ్ కూడా నోరు విప్పలేదు. విప్పినా ఆ రోజుల్లో ఆయన మాట వినేదెవరు?

నెల తిరక్కముందే భాయ్ వాళ్లు సామాను బండికెత్తుకుని వెళ్లిపోయారు. ఎక్కడికని అడగలేదు. పాపం మొగుణ్ణి పోగొట్టుకుందని వీధి వీధంతా నాకు వండి పెట్టింది. సిగ్గు లేకుండా తిన్నాను.

ఏదీ బిడ్డా, ఇప్పుడు రాసింది చదివి వినిపించు. మా ఆయన ప్రాణం పోయిన చోటు వద్దులే. “ఎండల పెట్టిన్రా” అని భాయ్ అడిగాడే, అక్కడ మొదలుపెట్టు. నేనేమన్నానో గట్టిగా చదువు.