రెండో పిలుపు

ఇందులో నేను ఒక్క అంగుళం కూడా పెంచి చెప్పను. నా ఉద్యోగమే కొలతలు. నల్లగొండలో నీళ్ల పైపులైన్ల డిజైన్ చేస్తాను. కొలతకు అందనిది నేను నమ్మను... నమ్మేవాణ్ణి కాదు. ఆ సాయంత్రం టైములు ఫోన్‌లో రాసుకున్నాను. ఇప్పటికీ ఉన్నాయి. నాతో వచ్చిన నరేశ్ మహబూబ్‌నగర్‌లోనే ఉంటాడు, కావాలంటే అడగండి. కాకపోతే అతను సగమే చెప్తాడు. మిగతా సగం అతనికి తెలియదు.

రెండేళ్ల కింద, దీపావళి వెళ్లిన రెండు వారాలకు జపాన్ పోయాం. పోవాలన్న కోరిక మా కాకది. అంటే మా బాపు తమ్ముడు. మర్రిగూడ బడిలో సోషల్ సారుగా చేసి రిటైరయ్యాడు. సమురాయ్‌లంటే ఆయనకు పిచ్చి. పుస్తకంలో ఆ పాఠం లేకపోయినా బోర్డు మీద కత్తి బొమ్మ గీసి మరీ చెప్పేవాడు. నేను కూడా ఆ క్లాసులో కూర్చున్నవాణ్ణే. మా ఊరి బోరు నీళ్లు తాగి పెరిగిన మనిషి కాబట్టి ఫ్లోరైడ్ ఆయన ఎడమ మోకాలిని పట్టేసింది. కుడికాలు ఠక్కున పడుతుంది. ఎడమకాలు ఈడ్చుకుంటూ వెనక వస్తుంది.

నేను, కాక, నా దోస్తు నరేశ్, కాక స్నేహితుడైన కోస్గి హెడ్మాస్టరు సారు, ఆయన భార్య. ముందు నడవడానికి ఒక జపాన్ అమ్మాయి, మా గైడు. మొత్తం ఆరుగురం.

ఆ రోజు పొద్దున ఒక కోట చూశాం. లోపల అద్దాల వెనక సమురాయ్‌ల ఇనుప కవచాలు. కాక చాలాసేపు చూసి, గింత పొట్టోళ్లా అన్నాడు. మా కోస్గి సంతలో పదేళ్ల పోరడికి కూడా ఆ కవచం పట్టదని హెడ్మాస్టరు సారు నవ్వాడు. కాక నవ్వలేదు. అద్దం మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు.

మధ్యాహ్నం కొండదారి. పాతకాలంలో సమురాయ్‌లు రాజధానికి నడిచిపోయిన రాళ్ల బాట. రెండు పక్కలా నిటారు చెట్లు. కింద లోయ. మోదుగులు విరగబూసినట్టు ఎర్రటి ఆకులు. ఆ కొండల్లో ఎలుగుబంట్లు ఉంటాయట, చప్పుడు వింటే అవే తప్పుకుంటాయట. అందుకని గైడు అందరి సంచులకూ తలా ఒక ఇత్తడి గంట కట్టింది. నాకు ఒక పని అప్పజెప్పింది. అందరికంటే వెనక నడవాలి. నా వెనక ఎవరూ ఉండకూడదు.

అంతే పని. ఒక్కటే.

కాక గంట నాకు బాగా గుర్తు. అందరి గంటలూ ఒకే తీరుగా మోగేవి. ఆయనది మాత్రం టింగ్... టిటింగ్. టింగ్... టిటింగ్. కళ్లు మూసుకుని కూడా ఎక్కడున్నాడో చెప్పగలిగేవాణ్ణి.

నాలుగూ పదికి బాట పక్కన సమాధులు వచ్చాయి. సమురాయ్‌లవే. పెద్దవాళ్లవి కావు, చిన్న చిన్న బంట్లవి. నాచు పట్టిన రాళ్లు, ముప్పై దాకా ఉంటాయి. కాక ఒక్కో రాయి ముందు ఆగుతున్నాడు. ఒంగలేక ఒంగి దండం పెడుతున్నాడు. అక్కడ నాలుగున్నరకే చీకటి పడుతుంది. గైడు వాచీ చూసుకుంటోంది. హెడ్మాస్టరు సారు భార్య చలికి వణుకుతోంది. ముగ్గురూ గైడు వెంట కదిలారు. నేను ఆగాను. పది నిమిషాలు... పదిహేను...

అప్పుడు అన్నాను. గట్టిగానే అన్నాను.

"కాక, నీ ఒక్కనికోసం అందరు చలిల సస్తున్నరు. గీ కాలు పెట్టుకొని రాకపోతే ఏమయితుండె?"

కాక చేతులు జోడించినవాడు జోడించినట్టే ఉన్నాడు. "నువ్వు నడువు బిడ్డా, వస్త" అన్నాడు.

నడిచాను. ఆయన కంటే ముందు నడిచాను. వెనక ఉండవలసినవాణ్ణి.

నాలుగైదు నిమిషాలకు వెనక గంట వినిపించింది. హమ్మయ్య, కదిలాడు అనుకున్నాను. టింగ్. టింగ్. టింగ్. టింగ్.

విన్నారా తేడా? నేనూ విన్నాను. ఆ క్షణమే విన్నాను. ఎడమకాలు ఈడుస్తున్న చప్పుడు లేదు. అడుగుకీ అడుగుకీ సమానమైన ఎడం. కాసేపు నిలబడేసరికి మోకాలు సర్దుకుందేమో అనుకున్నాను. నిలబడితే ఆ మోకాలు ఇంకా బిగుసుకుంటుందని నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది. వెనక్కి తిరగలేదు.

నాలుగూ యాభై. పూర్తిగా చీకటి. నా టార్చి వెలుగులో రెండు రాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. గంట నాకు పది అడుగుల వెనక ఉంది. నేను ఆగితే ఆగుతోంది... నడిస్తే నడుస్తోంది.

అప్పుడు పిలుపు.

"ఒరే శీనూ..."

కాక గొంతు. కానీ వెనక నుంచి కాదు. ఎడమ పక్క... ఎక్కడో కింద... లోయలోంచి.

ఆగిపోయాను. గంట కూడా ఆగింది.

ఆకు కదలడం లేదు. నా ఊపిరి నాకే వినిపిస్తోంది. వెనక, ఆ పది అడుగుల దూరంలో... ఊపిరి చప్పుడు లేదు. ఏమీ లేదు.

"శీనూ..."

రెండోసారి.

మా అవ్వ, అంటే కాక వాళ్లమ్మ, చెప్పేది. చీకట్లో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడో పిలుపు దాకా పలకొద్దు. మనిషైతే మూడుసార్లు పిలుస్తాడు. మనిషి కానిది రెండుసార్లే పిలుస్తది, పలికితే ఎంట వస్తది. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, హాస్టల్లో ఈ మాట చెప్పి నవ్వినవాణ్ణి... నోరు మూసుకుని మూడో పిలుపు కోసం నిలబడ్డాను. వాచీ చూశాను. ఒక నిమిషం. రెండు నిమిషాలు.

మూడోసారి పిలవలేదు.

నడిచాను. గంట కదిలింది. పరుగెత్తాను. గంట పరుగెత్తలేదు... అదే నడక. టింగ్. టింగ్. కానీ దూరం మాత్రం తగ్గలేదు.

ఐదూ ఇరవై ఐదుకు బస చేరాను. గుమ్మంలో నరేశ్ బూట్లు విప్పుతున్నాడు. నా వెనక్కి చూసి, "కాకేడిరా?" అన్నాడు.

"ఎనకనే వస్తుండు గద" అని తిరిగాను.

బస ముందు దీపస్తంభం ఉంది. ముప్పై అడుగుల దాకా బాట స్పష్టంగా కనిపిస్తోంది. ఖాళీ రాళ్లు.

బస యజమాని, గైడు, నరేశ్, నేను టార్చీలతో వెనక్కి పోయాం. ఇంకా ఎంతదూరం అని నరేశ్ అడుగుతున్నాడు. నేను లోయ వైపే టార్చి వేస్తూ నడిచాను. ఏడూ ఇరవైకి దొరికాడు. సమాధుల దగ్గర బాట రెండుగా చీలుతుంది. ఆ చీకట్లో, మా బాటకు కిందుగా లోయ వెంట పోయే ఎడమది పట్టి దిగాడు. ఒక రాయి మీద కూర్చుని సంచిని ఒళ్లో పట్టుకుని ఉన్నాడు. ఆయన పాదాలకు రెండడుగుల ముందు బాట వానకు కొట్టుకుపోయి ఉంది. యజమాని టార్చి కిందికి వేశాడు. వెలుగు లోయ అడుగు దాకా అందలేదు.

"వచ్చినవా బిడ్డా" అన్నాడు కాక. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "కూసొమంటివి. కూసున్న."

సంచికి గంట లేదు. అడిగితే జేబులోంచి తీశాడు. రుమాలులో చుట్టి ఉంది. పండుకున్నోళ్ల దగ్గర లొల్లెందుకని సమాధుల దగ్గరే విప్పి దాచాడట.

నాలుగు రోజులు జ్వరం. కత్తులు చేసే కొలిమి చూడాలని ఇరవై ఏళ్ల నుంచి అనుకుంటున్న మనిషి అక్కడి దవాఖానలో పడుకున్నాడు. మిగతావాళ్లు చూసి వచ్చి ఫొటోలు చూపించారు.

ఆలోచించని కారణం లేదు. ముందు వెళ్లినవాళ్ల గంటలు లోయకు తగిలి వెనక నుంచి వినిపించి ఉండొచ్చు. ఇంకెవరో బాటసారి నా వెనక వచ్చి మధ్యలో మళ్లి ఉండొచ్చు. అయితే మొదటిదే నిజమైతే ఆ చప్పుడు ఎప్పుడూ పది అడుగుల దూరంలోనే ఎందుకు ఉండాలి? రెండోదానికి, సమాధులు దాటాక ఆ బాటలో మళ్లడానికి ఎక్కడా దారి లేదని గైడు చెప్పింది. నా దగ్గర ఇంకో కారణం లేదు.

అయినా నా నిద్ర చెడగొట్టేది గంట కాదు.

ఇప్పుడు మా ఊళ్లో ఎవరొచ్చినా కాక ఈ కథ చెప్తాడు. నేను పక్కనే ఉంటే ఇంకా సంబరంగా చెప్తాడు. "రెండడుగులేస్తే పోతుంటి. ఒక్కసారి పిలిచిన, పలకలే. మా అమ్మ చెప్పిన మాట వీనికీ ఎరుకే గద, మూడో పిలుపు దాకా పలకడనుకున్న. రెండోసారికే పలికిండు. ఆడ్నే కూసో కాక, నేనొస్త అన్నడు. అందుకే గిట్ల కూసున్న మీ ముందట."

నేను పలకలేదు.

ఆయనకు ఎవరు పలికారు? నిజంగానే ఎవరో పలికారా? లేక నేను విని కూడా పలకలేదని కాకకు ఆ రాత్రే తెలిసిపోయిందా... నలుగురిలో నా పరువు నిలపడానికి ఈ మాట కల్పించాడా? అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అడిగితే, ముందు నా సంగతి చెప్పాలి.

ఆ మాట దగ్గరికి వచ్చేసరికి కాక ప్రతిసారీ ఒక్క క్షణం ఆగుతాడు. నా వైపు చూస్తాడు. అందరూ నా వైపు చూస్తారు.

నేను తల ఊపుతాను.