నడిమి అద్దం

కార్తీక మాసం, శనివారం, సాయంత్రం ఐదుంబావు. స్థలం: తరిగొప్పుల దగ్గర మా ఊరి గుట్ట. హాజరైనవారు: నేను, భూపాలపల్లి నుంచి వచ్చిన మా అక్క, పత్రికకు ఆటల ఫొటోలు తీసే మా తమ్ముడి పిల్ల, గుట్ట వెనుక నెమళ్లు, లెక్క తేలలేదు.

ఆ రోజు డైరీలో ఇంతవరకే రాయగలిగాను. చదువుకునే రోజుల నుంచీ డైరీ రాస్తున్నాను. కేసముద్రం స్టేషన్లో గుమస్తాగా ఉన్నన్నాళ్లూ రైలు ఎంత ఆలస్యమో, ఇంట్లో కూర ఏమిటో ఒకే తీరుగా రాసుకునేవాణ్ణి. "ఏం కూరనో రాస్తవు, మంచిగున్నదో లేదో రాయవు" అని మా ఇంటావిడ ఉన్నప్పుడు ఎగతాళి చేసేది. నిజమే. చూసింది రాయడం వేరు, తెలుసుకొని రాయడం వేరు అని నాకు ఆ సాయంత్రం దాకా తెలియలేదు.

పిల్ల తరిగొప్పులకు కబడ్డీ పోటీల ఫొటోల కోసం వచ్చి మా ఇంట్లో దిగింది. నెమళ్లను తీస్తానంటే గుట్ట మీదికి తీసుకుపోయాను. చిన్నప్పుడు తిరిగిన గుట్ట, నేనూ వస్తానని అక్క కూడా మెల్లగా ఎక్కింది. పిల్ల దగ్గర సొరకాయంత లెన్సు ఉంది. దానికీ కెమెరాకూ నడుమ పొట్టి డబ్బా ఒకటి బిగించింది.

"గిదేంది బిడ్డా, నడుమ?"

"టెలీకన్వర్టర్, పెద్దబాపూ. గిది పెడ్తె దూరమున్నది రెండింతలు పెద్దగ కనవడ్తది. ఎండున్నప్పుడు బంగారమే. పొద్దుగూకే యాళ్లకు మాత్రం పరేషాన్. బొమ్మను పెద్దగ జేస్తది గని ఎలుతురు మింగుతది. నిన్న కబడ్డీల ఆఖరి ఆటకు తీసి సంచిల ఏస్కున్న."

కన్ను పెట్టి చూశాను. నెమలి మెడ పెద్దగా కనిపించింది గానీ, నీలం కాదు, మసి రంగు. కన్ను తీశాను. గుట్ట మీద ఇంకా డైరీ చదువుకునేంత వెలుతురుంది. మళ్లీ పెట్టాను. చీకటి. పెట్టాను, తీశాను, పెట్టాను. పిల్ల నవ్వింది. నేను పక్కనున్న బండ మీద కూర్చున్నాను.

సాయుధ పోరాటం రోజుల్లో ఇదే బండ మీద మా బావ, అంటే అక్క పెనిమిటి, కాపలా కూర్చునేవాడు. గొర్లు కాసినవాడు. ఎదురు గుట్ట మీద మేసే మందలో తన గొర్రె ఏదో చెప్పగలిగే కన్ను. అందుకే ఊరు ఆయన్ని ఎంచుకుంది. దొర గడీలో దొరికిన ఒంటి గొట్టం దుర్భిణి ఆయన చేతికిచ్చారు. దొర పంపిన తుపాకుల వాళ్లు వాగు దగ్గర కనిపిస్తే కొమ్ము ఊదాలి, ఊరంతా జొన్న చేలల్లోకి పోవాలి. చిక్కేమిటంటే మన దళం వాళ్లదీ ఖాకీ బట్టే. బావ కొమ్ము ఊదడం, అందరూ పడుతూ లేస్తూ పరుగెత్తడం, తీరా చూస్తే మనవాళ్లే నవ్వుకుంటూ రావడం. "ముసలిదాన్ని, నీ కొమ్ముకు నా మోకాళ్లు వోయినయ్" అని మా అవ్వ తిట్టేది.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు, జనగామలో చదువు. పాత సామాన్ల అంగట్లో సగం విరిగిన చిన్న దుర్భిణి దొరికితే తెచ్చి, బావ దుర్భిణి వెనుక మైనంతో అతికి, గుడ్డతో గట్టిగా కట్టాను. నడి మధ్యాహ్నం చూస్తే వాగులో మనిషి మీసం కనిపించింది. బావ సంబరం ఇంతా అంతా కాదు.

"గిప్పుడు మీ అక్క మంచె మీద దొంగతనంగ ఏం తింటున్నదో గూడ కనవడ్తది!"

"సూడు, సూసి కడుపు నింపుకో" అంది అక్క.

ఆ రోజు డైరీలో రాశాను: "రెండింతలు. పరీక్ష పూర్తయింది." పరీక్ష ఒక్కసారే, అదీ మధ్యాహ్నమే.

కొన్ని రోజులకు, తెల్లవారుజామున మానుకోట వైపు నుంచి మనవాళ్లు రావలసి ఉంది. వాగు దగ్గర నలుగురు కదిలారు. బావ దుర్భిణి పెట్టి చూశాడు, పోల్చుకోలేక మరికొంత ఆగాడు. కొమ్ము ఊదేసరికి ఆ దొర మనుషులు కల్లాల దగ్గరికి వచ్చేశారు. కల్లంలో కాపలా పడుకున్న బావ తమ్ముడు కాల్పుల్లో చనిపోయాడు.

శవం పక్కనే ఊరివాళ్లు అడిగారు. "దుర్భిణి పట్టుకోని ఏం జూసినవ్ రా?"

"సీకటిగ కనవడ్డదే. ఎవరో తెల్వలే."

"కింద కల్లంల గింజలు ఏరేటంత తెల్లారింది. గుట్ట మీదున్న నీకే సీకటయ్యిందా? అమ్ముడువోయినోని కండ్లకు గట్లనే అయితది!"

తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడిని ఆ మాట అంటుంటే నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. ఇంటికి వచ్చి రాసుకున్నాను: "బావ చీకటి అన్నాడు. తెల్లవారే ఉంది. అబద్ధం."

ఊరు పలకడం మానేసింది. బావ, అక్క మహదేవపూర్ వైపు పోయి వరి కూలి చేసుకున్నారు. ఒకసారి పోయినప్పుడు, నేను కట్టిన ఆ అద్దం గురించి భయం భయంగా కదిపాను. "సదువుకున్నోనివి, నువ్వు గట్టింది తప్పెట్లయితది? నా కండ్లే నన్ను దగా జేసినయ్" అన్నాడు. నేను తల ఊపాను. ఆయన మళ్లీ చేను కాపలాకు కూడా ఒప్పుకోలేదట. పట్టపగలు గోదావరిలో నావ ఎక్కాలన్నా అక్క చెయ్యి పట్టుకునేవాడట. అట్లాగే ముసలివాడై, పోయాడు.

"అక్కా, ఒక్కసారి గిందులకెల్లి సూడు" అన్నాను. చూసింది. పిల్లతో డబ్బా తీయించి మళ్లీ చూపించాను.

"దుర్భిణికి నేను కట్టిన అద్దం గూడ గిసొంటిదే అక్కా. సీకటి జేసింది నేను."

అక్క కెమెరా పిల్ల చేతికిచ్చింది. నెమళ్లు ఒక్కొక్కటే చెట్టెక్కాయి.

"గట్లయితే ఆయన కండ్లు మంచిగనే ఉండెరా" అంది. మళ్లీ తనే, "ముఖం కడుక్కున్నప్పుడల్లా కండ్లను తిట్టుకునేటోడు" అంది.

గుట్ట ఎక్కేటప్పుడు నా భుజం పట్టుకున్న మనిషి, దిగేటప్పుడు పిల్ల భుజం పట్టుకుంది.

మర్నాడు పొద్దున పాత డైరీ తీసి, అక్కకు 'అబద్ధం' అని రాసిన ఆ వాక్యం చదివి వినిపించి, కొట్టేయబోయాను. "కొట్టెయ్యకు. నువ్వన్న మాటనే గదా, ఉండనీ. కింద రాయి" అంది. రాశాను: "బావ నిజమే చెప్పాడు."

బస్సుకు ముందు, వాకిట్లో నుంచి ఆ బండ ఫొటో తీయమని పిల్లను అడిగింది. పిల్ల దూరం చూసి సంచిలోకి చెయ్యి పెట్టింది.

"ఆ నడిమి అద్దం వద్దు బిడ్డా. చిన్నగ వడ్తె వడనీ."

అక్కను బస్సెక్కించి వచ్చేసరికి డైరీ తెరిచే ఉంది, సిరా ఆరింది. పై వాక్యానికీ కింది వాక్యానికీ మధ్య వేలెడు సందు కూడా లేదు. బావ బతుకంతా ఆ సందులోనే గడిచిపోయింది.