నా ముక్కు చెప్పిన సాక్ష్యం

మొన్న మా అల్లుడు హైదరాబాదు నుంచి వస్తూ ఒక వైను సీసా తెచ్చి, పొడుగు కాడ ఉన్న గ్లాసులో రెండు గుక్కలు పోసి, దాన్ని గిరగిరా తిప్పి, అందులో ముక్కు పెట్టి కళ్లు మూసుకుని, నేరేడుపండూ తడిసిన చెక్కా కాస్త మిరియమూ వాసన వస్తున్నాయి మామయ్యగారూ, మీరూ చూడండి అన్నాడు. చూశాను. నాకు పులిసిన ద్రాక్షపళ్ల వాసన తప్ప మరేమీ తగల్లేదు గానీ, ఈ సీసా మొదటిదేనా, దారిలో కారులో ఇంకోటేదైనా ఖాళీ అయిందా అని అల్లుడి మీద అనుమానం మాత్రం వచ్చింది. ఉద్యోగం పోతుంది గానీ ఉద్యోగబుద్ధి ఎక్కడికి పోతుంది!

ఆ ఉద్యోగం సంగతి ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. పల్నాడులో ఒక బస్సు డిపోలో నేను కంట్రోలర్ని. డ్యూటీ ఎక్కే ప్రతి డ్రైవరూ రిజిస్టరులో సంతకం పెట్టే ముందు నా కౌంటరు దగ్గరికి వచ్చి, నా ముఖం మీదికి వంగి ‘హా’ అనాలి. ఊపిరి చూసే మిషన్లు ఇంకా రాలేదు, మా డిపోకు నా ముక్కే మిషను. జన్మలో చుక్క ముట్టినవాణ్ని కాదు, అయినా ఎవడు ఏం తాగాడో, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి జామాకు నమిలాడో, పచ్చి ఉల్లిపాయ కొరికాడో ఇట్టే చెప్పేసేవాణ్ని. లవంగం వాసన తగిలితే చాలు, ముందు అనుమానించి ఆ తరవాత పలకరించేవాణ్ని. పంటినొప్పికి లవంగం పెట్టుకున్న తనను కూడా అదే చూపు చూశానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

ఆ కౌంటరు వెనకే కూర్చుని జనం రుచులు ఎలా మారాయో చూశాను. నేను చేరిన కొత్తల్లో అంతా కల్లే. దోసెల పిండి పులిసినట్టు అమాయకమైన వాసన, సముద్రం ఒడ్డున కొత్తపట్నం వైపు నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లయితే మా కల్లు కల్లే కాదని ఈసడించేవాళ్లు. తరవాత సారా వచ్చింది, మొదట బెల్లం ఊట వాసనతో, ఆపైన ప్యాకెట్లలో. ఆడవాళ్లు కొంగు బిగించి ఆ సారా మాన్పించాక బ్రాందీ, విస్కీ కాలం మొదలైంది. మిర్చికి ధర పలికిన ఏడాది పెద్ద సీసా, పత్తికి పురుగు పట్టిన ఏడాది చవకరకం. రైతుబిడ్డలైన మా డ్రైవర్ల నోళ్లలో పంట సంగతి కూడా తెలిసిపోయేది. సారా ఆగిన ఆ కొత్తల్లో వారానికో పేరు లేని సీసా, దానికో కొత్త వాసన. నాకు తెలియని వాసన తగిలిందంటే, మార్కెట్లోకి కొత్త సరుకు దిగిందని అర్థం. అది నా సొంత సూత్రం. కొంప ముంచింది కూడా అదే.

అమరావతి బస్సు తోలే డ్రైవరు ఒకాయన ఉండేవాడు. మిరప పొలాల నడుమ పల్లెలో కాపురం, చర్చిలో పెద్ద. ఏళ్ల తరబడి అతని నోట మంచి గాలి తప్ప వచ్చింది లేదు, అందుకనే నాకు అతనిమీద లోపల్లోపల అనుమానం. ఆ ఏడు మనిషి చిక్కిపోవడం మొదలైంది. వస్తూనే కుండ దగ్గర నిలబడి గ్లాసు మీద గ్లాసు నీళ్లు తాగేవాడు, కళ్లు గుంటలు పడ్డాయి, మాట నెమ్మదించింది. ఆహా, నువ్వూ మొదలెట్టావన్నమాట అనుకున్నాను. ఒకరోజు ‘హా’ అన్నాడు, బాగా మగ్గి మెత్తబడిన పండు వాసన గుప్పుమంది. అంతకుముందెప్పుడూ ఎరగని వాసన. సందేహమే లేదు, కొత్త సరుకు!

“ప్రభువు బల్లలో చెయ్యి వేసేవాణ్ని సార్, నేను ముట్టను” అన్నాడు. నెలకోసారి చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే పంక్తి అది, మచ్చ ఉన్నవాణ్ని అందులో కూర్చోనివ్వరు. అయితే ఆ రసమే రుచి మరిగావేమోలే అని నలుగురిలో అనేశాను. అందరూ నవ్వారు. డ్యూటీ ఆపి రిపోర్టు రాశాను. అతను ఇల్లు చేరకముందే కబురు పల్లె చేరింది. సంగతి తేలేదాకా బల్లకు రావద్దన్నారట పాస్టరు గారు. మూడోనాడు మిరపకాయలు ఆరబోసిన కళ్లం పక్కన స్పృహ తప్పి పడిపోతే, తాగి పడ్డాడని జనం దాటుకుంటూ పోయారట. చివరికెవరో గుంటూరు ఆసుపత్రికి చేరిస్తే, అది షుగరు ముదిరి ఒళ్లంతా విషమైన వాసనని, ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు.

బతికాడు గానీ మళ్లీ స్టీరింగు పట్టనివ్వలేదు, సామాన్ల గదిలో పని ఇచ్చారు. చేరిన వారానికే నా దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “డాక్టరు చీటీ చూపించినా మావోళ్లు నమ్మట్లేదు సార్. మీ ముక్కు తప్పదని అందరికీ తెలుసుగా. ఒక్క ఆదివారం మా చర్చికొచ్చి, పొరపాటు పడ్డానని ఒక్క మాట చెప్పండి.”

వస్తానన్నాను. వెళ్లలేదు. ఆ పల్లెలో నలుగురి ముందూ నిలబడి తప్పు ఒప్పుకోవడానికి నామోషీ ఒకటి. నా నోటితో ఒప్పించి రేపు కేసు పెడతాడేమోనన్న పాడు అనుమానం ఇంకొకటి. చావుదాకా పోయి వచ్చిన మనిషిని అలా అనుమానించినందుకు ఈ రోజుకీ సిగ్గుతో చచ్చిపోతాను. ఇంకోసారి గుర్తు చేశాడు. ఆ తరవాత అడగడం మానేశాడు, నాకు నమస్కారం పెట్టడం మాత్రం మానలేదు.

రిటైరయ్యాక చాలా ఏళ్లకు ఒక ఆదివారం ఆ పల్లె వెళ్లాను. అతను పోయి అప్పటికి రెండేళ్లు. పాస్టరు గారు కొత్తవాడు, ముందు బెంచీల్లో ఉన్నవాళ్లంతా కుర్రకారు. లేచి నిలబడి సంగతంతా చెప్పాను. నన్ను వింతగా చూశారు. బయటికొచ్చాక ఒక అబ్బాయి, తాగితే మాత్రం ఏమైంది తాతగారూ, ఈ రోజుల్లో తాగనిదెవరు అని నన్నే ఓదార్చాడు. ఆ డ్రైవరు భార్య మాత్రం చివరి దాకా ఆగి, అందరూ వెళ్లాక దగ్గరికి వచ్చింది. “ఆయన చెబితే నేనూ నమ్మలేదండీ. మీ అంతటివారు ఊరికే అంటారా అనుకున్నాను” అంది.

కాలం మారింది, రుచులు మారాయి, తాగినవాణ్ని చూసి ముఖం తిప్పుకునే రోజులూ పోయాయి. ఆ మనిషి మాత్రం, తన ఇంట్లో తన మాట చెల్లే రోజు చూడకుండానే వెళ్లిపోయాడు.