పాము వస్తే ఆదెయ్యకే కబురు

జువ్వలదిన్నెలో ఎవరి దొడ్లో కొండచిలువ కనబడినా జనం ఆదెయ్య గుడిసెకే పరుగెత్తేవాళ్లు. ఆదెయ్య కూడా నాలాగే తెప్ప మీద వేటకు పోయేవాడు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. చేపలు ఆయనకంటే నాకే ఎక్కువ పడేవి. అయినా ఊళ్లో పేరంతా ఆయనదే. నాకు ఒళ్లు మండేది, దాచుకోవడం ఎందుకు?

ఆ పాముల సంగతి ఆయనకు తెలుసు, కాదనను. సరుగుడు తోటలో ముళ్లపంది వదిలేసిన బొరియల్లో కాపురముంటాయనీ, చలికాలం ఎండ కాచుకోవడానికి ఇసుక దిబ్బ ఎక్కుతాయనీ, వేసవిలో కాలవ పక్క జమ్ముగడ్డి మధ్య నీళ్లలో మునిగి పడుంటాయనీ చెప్పేవాడు. ఆడది గుడ్లను చుట్టుకుని కూర్చుంటే రెండు నెలలు మేత ముట్టదట. అందరూ నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. నేను మాత్రం బీడీ ముట్టించుకునే వంకతో లేచిపోయేవాణ్ణి. పాము వస్తే ఒక్కసారి, ఒకే ఒక్కసారి నన్ను పిలవాలి. నా కోరిక అంతే.

పందొమ్మిదొందల అరవై మూడులో, మాఘమాసం ఒక పొద్దున, కొండచిలువ మా కోళ్ల గూట్లోనే దూరింది. పది అడుగులుంటుంది. రెండు పెట్టల్ని మింగి బద్ధకంగా పడుంది. నేను వాకిట్లోనే ఉన్నాను. నా భార్య కామమ్మ నన్ను దాటుకుని వీధిలోకి ఉరికింది.

"ఆదెయ్యన్నా! బిన్నా రా, తొందరగా! పామొచ్చింది!"

కట్టుకున్నదానికీ నేను కనబడలేదు. ఆయన వచ్చేలోగా పట్టేయాలని, కొత్తగా తెచ్చుకున్న నైలాన్ విసురు వల తీసి దాని మీద వేశాను. అప్పటికి ఊళ్లో నైలాన్ వల నాకొక్కడికే ఉంది, మిగతావాళ్లవి నూలువి. పాము దొర్లింది. దొర్లినకొద్దీ వల చుట్టుకుని మెడ దగ్గర బిగిసింది. నూలుదైతే ఎక్కడో ఒకచోట తెగేది.

ఆదెయ్య వచ్చి చూశాడు. మొలలోంచి కత్తి తీశాడు గానీ వలకు ఆనించలేదు. సొంతదారు చెప్పనిదే ఇంకొకడి వలకు కత్తి పెట్టడం మావాళ్లలో లేదు. పిడి నావైపు తిప్పాడు.

"వల నీది, గంగులయ్యా. కొయ్యకపోతే ఇది సచ్చిపోద్ది. నువ్వే కొయ్యాల."

ఊరంతా చూస్తోంది. కామమ్మా చూస్తోంది. ముందు ఆయన్నే కోసేయాలనిపించింది. ఇంతలో పాము తోక కొట్టుకోవడం ఆగింది. పళ్లు బిగించి వల కోశాను. వలలో ఒక్కో కన్నూ తెగుతుంటే నా పేగులే తెగినట్టనిపించింది. ఆయన తల పట్టుకుని నాకు తోక ఇచ్చాడు. ఇద్దరం మోసుకుపోయి సరుగుడు తోటలో బొరియ దగ్గర వదిలాం.

తిరిగొచ్చాక ఎవరడిగినా ఆయనది ఒకటే మాట.

"పట్టింది గంగులయ్య. బంగారమట్టాటి వల కోసుకున్నాడు దానికోసం."

అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పు కూడా ఆయన పెట్టిందే కావడం నాకు మింగుడు పడలేదు.

మరుసటేడు వెనక వీధి పేరమ్మ మా వాకిట్లో నిలబడి అరిచింది.

"గంగులయ్యన్నా! మా గడ్డివాములో కొండచిలువ!"

అన్నేళ్లుగా నేను కోరుకున్న పిలుపు అది. తలగుడ్డ చుట్టుకున్నాను. మీసం సవరించుకున్నాను. నేరుగా ఆదెయ్య గుడిసెకు పోయాను. పాము తల పట్టడం నాకెక్కడొచ్చు?

"అన్నా, నన్ను పిలిచినారు. నువ్వు రా."

ఆయన నవ్వుతాడని పళ్లు బిగించుకుని నిలబడ్డాను. నవ్వలేదు. గోతం భుజాన వేసుకుని నా వెంట నడిచాడు. నవ్వి ఉంటే బాగుండేది, ఆయన మీద కోపానికి ఒక కారణమైనా దొరికేది. ఆ నవ్వకపోవడాన్ని మాత్రం నేను ఇవాళ్టికీ క్షమించలేదు.